ఎక్కువ మోత చేసేదే కావాలి

కీలుంగ్,
చేపల రేవు వెనక సందు

ముసలాయనకి,

ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ, చేపముద్దల కొట్టూ ముగ్గురం క్షేమం. వాన కూడా క్షేమమే, మన పెళ్లినాటి నుంచి అది ఈ ఊరు వదిలి పోయిందే లేదు. అక్కడ ఓడలో నువ్వూ నీ ఇంజనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ వెనక ఇంజను రొద, నా వెనక బజారు రొద, మధ్యలో మనిద్దరం "ఆఁ, ఏంటీ" అనుకుంటూ కూర్చోవడమే మిగులుతుంది. ఈ ఉత్తరం ఓడ కంపెనీ ఏజెంటు సంచిలో డర్బన్ రేవుకి చేరుతుంది. చేతులకి గ్రీజు కడుక్కుని నిదానంగా చదువు.

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. ఇంటి కప్పు కారడం ఆగింది. నువ్వు బొమ్మ గీసి పంపిన పద్ధతిలో కాదు, మేస్త్రీ తన పద్ధతిలోనే చేశాడు. అలగకు. మోకాళ్లకి డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు. మా ఇల్లు మూడో అంతస్తు అన్నాను. అయితే నెమ్మదిగా ఎక్కండి అన్నాడు. ఆమాత్రం వైద్యం నాకూ వచ్చు. అమ్మాయి యీ-జెన్, అల్లుడు తైచుంగ్‌లో బాగానే ఉన్నారు. చివర్లో, అక్షరాలు చిన్నవి చేసి, సిగ్గుపడుతూ ఇంకొకటి అడిగావు: ఈ ప్రయాణంతో ఉద్యోగం చాలించాల్సిన నిన్ను కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, డర్బన్‌లో సంతకం అడుగుతారు, ఏమంటావు అని. అంటాను. ముందు మిగతాది చదువు.

"ఇంట్లో పిల్లలెవరూ లేరు, ఆటల ల్యాప్‌టాప్ ఎవరికి?" అని కూడా రాశావు. అంటే అమ్మాయి అప్పుడే మోసేసిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఆ లక్షణం నా నుంచి రాలేదు.

సంగతి ఏమిటంటే, మొన్న సమాధులు శుభ్రం చేసే పండక్కి మీ నాన్నగారి సమాధి కడిగి, అటునుంచటే తైచుంగ్ వెళ్లాను. వెళ్లేసరికి అమ్మాయీ అల్లుడూ మాట్లాడుకోవడం లేదు. అన్నం గిన్నె అందించాలన్నా నా మీదుగానే. "అమ్మా, ఆయన్ని కూర కావాలేమో అడుగు." "అత్తయ్యా, అక్కర్లేదని చెప్పండి." భోజనం అయ్యాక ఇద్దరూ పోయి చెరో మీటల డబ్బా పట్టుకుని తెర ముందు కూర్చున్నారు. అదో ఓడ ఆట. పాతబడ్డ ఓడ, పైన ఒకరు చక్రం తిప్పాలి, కింద ఒకరు ఇంజను చూసుకోవాలి. పైవాళ్లకి కింద ఏం జరుగుతోందో కనబడదు, కిందవాళ్లకి పైన ఏముందో తెలియదు. నోరు విప్పి చెప్పుకోకపోతే ఓడ రాళ్లకి కొట్టుకుంటుంది.

కాసేపు బిగదీసుకునే ఆడారు. ఓడ మునిగింది. మళ్లీ మొదలెట్టారు.

"కింద నిద్రపోతున్నావా? నీళ్లొస్తున్నాయి," అంది అమ్మాయి.

"పైన నువ్వు కళ్లు మూసుకుని నడుపుతుంటే రాక ఏమౌతాయి?"

"ఎడమ పక్క చిల్లు పడింది, ముందది చూడు."

"నీకు ఎడమేదో తెలిస్తే మనకీ గొడవే లేదు."

ఆ మాటకి ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత నా మీదుగా కూర అడగాల్సిన పని రాలేదు. నేను గిన్నెలు తుడుస్తూ ఇదంతా చూశాను. నాకూ ఆ ఆట కావాలన్నాను. "నీ పాత కంప్యూటర్‌లో నడవదమ్మా, బొమ్మలు ముక్కలు ముక్కలుగా ఆగిపోతాయి. ఆటలకి బొమ్మలు గీసే చిప్పు విడిగా ఉండాలి. నేను కొనిస్తాలే," అంది. నా సరుకు నేను చూసుకునే కొంటాను అన్నాను. చేపని మొప్పలెత్తి చూడకుండా కొన్నదాన్నా ఎప్పుడైనా?

బల్ల మీద పెట్టే పెద్ద పెట్టె వద్దనుకున్నాను, మన ఇల్లు అసలే అగ్గిపెట్టె. ల్యాప్‌టాప్ అయితే భోజనాల బల్ల మీద ఆడుకుని మూసి బియ్యం డబ్బా మీద పెట్టొచ్చు. కొట్టు కట్టేసి రబ్బరు బూట్లతోనే రైలెక్కి తైపీలో కంప్యూటర్లమ్మే గ్వాంగ్‌హ్వా బజారుకి పోయాను. అన్ని దుకాణాల్లోనూ కుర్రకారు నన్ను దాటి వెనకున్నవాళ్లని పలకరించారు. ఒక్క ఓంగ్ షావుకారు మాత్రం స్టూలు జరిపాడు. నా ఈడువాడే ఉంటాడు, అయినా పిన్నీ అన్నాడు. వ్యాపారం కదా, ఊరుకున్నాను.

"మనవడికా పిన్నీ?"

"మనవడు ఇంకా పుట్టలేదు. నాకే."

"లెక్కలు రాసుకోడానికా? అయితే ఈ పల్చటిది తీసుకో. అప్పడంలా ఉంటుంది, చేతిసంచిలో పడుతుంది."

"ఆటలాడ్డానికి. ఓడ ఆట."

అతను నా బూట్ల వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూశాడు. "అదీ ఆడొచ్చు ఇందులో," అన్నాడు తేరుకుని.

"ఆడితే వేడెక్కదూ?"

"కొంచెం."

"పల్చటి గిన్నె అడుగంటుతుందయ్యా. మందంగా ఉన్నది చూపించు."

మందంగా ఉన్నవి తీశాడు. ఒకదానికి మీటల కింద రంగురంగుల దీపాలు, మన గుడి ఊరేగింపు బండిలాగా. ఇంకోదాని తెర పెద్దది, కళ్లజోడు తీసినా అక్షరాలు కనబడ్డాయి. అది నచ్చింది. జ్ఞాపకశక్తి ఎంత, చిప్పు ఏది, చార్జింగు ఎంతసేపు ఆగుతుంది, అన్నీ అడిగాను. అమ్మాయి దగ్గర నేర్చుకుని వెళ్లాన్లే. ఆట మొదలైతే చార్జింగు ఇట్టే అయిపోతుంది, తీగ తగిలించే ఆడుకోవాలి అన్నాడు. నిజం చెప్పాడు కాబట్టి అక్కడే ఉండిపోయాను. అప్పుడు అసలైంది అడిగాను.

"ఇవన్నీ ఓసారి నడిపించు. ఫ్యాను మోత వినాలి."

ఒక్కొక్కటే ఆట పెట్టి నడిపాడు. మొదటిది పిల్లి గురక. "ఎంత మెత్తగా ఉందో చూడు పిన్నీ," అని మురిసిపోయాడు. రెండోది కాస్త నయం.

"ఇంతకన్నా మోత చేసేది లేదా?"

"మోత తక్కువుండేదనేగా?"

"ఎక్కువుండేది."

"ఇన్నేళ్లలో జనమంతా తక్కువ మోతదే అడిగారు పిన్నీ."

"జనం మొగుళ్లు ఓడల్లో పడుకోరు."

అతను లేచి లోపలి గదిలోంచి ఒక నల్లటిది పట్టుకొచ్చాడు. పాత మోడల్, ఎవరూ కొనక మిగిలిపోయింది. ఆట పెట్టగానే గుయ్యిమని లేచింది. నీ ఇంజను గది తలుపు తీసినట్టే ఉంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి లోపలికి తీసుకెళ్లి చూపించావు చూడు, ఆ మోత. చెవి ఆనించి విన్నాను. ఇదే కట్టు అన్నాను.

నువ్వు సెలవుకి వచ్చినప్పుడల్లా ఇంట్లో నిశ్శబ్దానికి నీకు నిద్ర పట్టదు. చలికాలంలో కూడా ఫ్యాను పెట్టుకుని, చెవి దాని వైపు తిప్పి పడుకుంటావు. నేను దుప్పట్లో వణుకుతూ నీ వీపు చూస్తూ పడుకుంటాను. ఇన్నేళ్లూ ఏమీ అనలేదు. ఇప్పుడు చలిగాలి లేని మోత దొరికింది.

డబ్బు కట్టాక షావుకారు గ్వాయ్‌గ్వాయ్ చిరుతిండి పొట్లం ఒకటి, ఆకుపచ్చదే, కొబ్బరిదే, ఊరికే చేతిలో పెట్టాడు. గడువు తేదీ కూడా చూసే ఇచ్చాడు. దాని పేరే బుద్ధిగా ఉండమని కదా, యంత్రం మాట వినాలంటే పక్కన ఏం పెట్టాలో నాకు చెప్పక్కర్లేదు, మా ఆయన ఇంజనుకే అది కట్టి ఉంటుంది అన్నాను. ఇంటికొచ్చి, భోజనాల బల్ల తుడిచి, ల్యాప్‌టాప్ పెట్టి, దాని వెనక అంచు మీద, సరిగ్గా నడిమధ్య, పొట్లం కూర్చోబెట్టి దణ్ణం పెట్టాను. ఆట మొదలెట్టాను. ఓడ రేవు దాటిందో లేదో, తెరంతా చీకటి. మళ్లీ వెలిగించాను, మళ్లీ చీకటి. ముట్టుకుంటే చెయ్యి కాలింది. నన్ను మోసం చేశాడు అనుకున్నాను. మర్నాడు కొట్టు కట్టేసి మళ్లీ రైలెక్కాను. దారంతా ఏమేం తిట్టాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

షావుకారు నా తిట్లన్నీ విన్నాడు. "ఇంట్లో ఎలా పెట్టావో అలాగే పెట్టి చూపించు పిన్నీ," అన్నాడు. అతని బల్ల మీద పెట్టాను. సంచిలోంచి పొట్లం తీసి, వెనక అంచు మీద నడిమధ్య కూర్చోబెట్టాను. అతను గాజు బీరువా పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

"అది దాని ముక్కు పిన్నీ. వేడిగాలి వదిలేది అక్కణ్ణుంచే. బుద్ధిగా ఉండమని చెప్పి ముక్కు మూసేస్తే ఎలా బతుకుతుంది?"

"మరెక్కడ పెట్టాలి?"

"పక్కన. పక్కనున్నా పొట్లం మాట అది వింటుంది."

తిట్టినందుకు మర్నాడు అతనికి చేపముద్దలు పంపాను. కానీ ముక్కు మూసేస్తే ఎలా బతుకుతుందన్న ఆ మాట రైల్లో నాతోపాటే ఇంటికి వచ్చింది. వచ్చింది కనక ఇది రాయగలుగుతున్నాను. ఇక్కణ్ణుంచి చదివేది ఇంజను గదిలో కాదు, నీ గదిలో తలుపేసుకుని చదువు.

కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారన్న నీ ఉత్తరం చదివినప్పుడు నాకు దిగులు కలగలేదు ముసలాయనా. గుండె మీంచి బరువు దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు భయం వేసింది. వేరే ఎవరో ఉన్నారనుకునేవు, నా మొహానికి చేపలే ఎక్కువ. సంగతి అది కాదు. నువ్వు ఇంట్లో ఉండిపోతావంటే నాకు భయం. నీ సెలవులు ఎలా గడుస్తాయో నీకూ తెలుసు. మొదట్లో నిన్ను కూర్చోబెట్టి తినిపిస్తాను, నువ్వు అన్నిటికీ బాగుంది అంటావు. ఆ తర్వాత నువ్వు నా వంటిల్లు సర్దుతావు, ఉప్పు డబ్బా మీద ఉప్పు అని చీటీ అంటిస్తావు, గ్యాసు మీట ఎటు తిప్పాలో బాణం గుర్తు వేస్తావు. కుర్చీ ఇక్కడ, చెప్పులు అక్కడ, బయటికెళ్తే చెప్పి వెళ్లు అని నేను నీ నెత్తిన కూర్చుంటాను. పొట్లం ముక్కు మీద పెట్టిందాన్ని కదా. ఇక మాటామాటా పెరిగేసరికి పెట్టె సర్దుకునే రోజు వస్తుంది. రేవులో ఇద్దరం కళ్లొత్తుకుంటాం. నిన్ను ఓడెక్కించడం నాకు బాగా వచ్చు. నీతో కాపురం చెయ్యడమే నేర్చుకోలేదు.

అందుకే ఈ ల్యాప్‌టాప్. నాకు ముద్దుమాటలు రావు, నీకు అసలు మాటలే రావు. ఆటలో అయినా ఒకే ఓడలో ఉండి కేకలేసుకోవడం అలవాటవుతుందని కొన్నాను. ఇప్పుడు రోజూ కొట్టు కట్టేశాక ఆడుతున్నాను. పైన నేను. రెండో ఆటగాడి పేరు అడిగింది. ముసలాయన అని కొట్టాను. నీలం టోపీ పెట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తి మీద ఆ పేరు చూసి నాకే నవ్వొచ్చి చెరిపేశాను. బున్-లియాంగ్ అని కొట్టాను. పెళ్లయిన మర్నాటి నుంచీ నా నోట నువ్వు ముసలాయనవి, నీ నోట నేను ముసలమ్మని. నీ పేరు నా వేలితో పడటం, తెర మీద కనబడటం, నాకు ఎలాగో అయిపోయింది. మర్నాడు కొట్లో చేపలు కోస్తూ రెండు మూడుసార్లు పైకి అని చూశాను. మంచి పేరే.

వాణ్ణి ఆడించేవాళ్లు లేరు కాబట్టి కింద ఊరికే నిలబడి ఉంటాడు. నీళ్లు మోకాలిదాకా వచ్చినా కదలడు. ఓడ మునుగుతుంది. "బున్-లియాంగ్, నీళ్లొస్తున్నాయి, చెవులు పనిచెయ్యవా?" అని అరుస్తాను. కింది అంతస్తు ఆవిడ తలుపు తట్టి మీ ఆయన ఎప్పుడొచ్చాడు అని అడిగి వెళ్లింది. ఇంకా రాలేదు అని చెప్పాను. చెప్పి తలుపేసుకున్నాక తెలిసింది, ఇల్లు ఎంత ఖాళీగా ఉందో. భయం ఇప్పటికీ ఉంది, కాదనను. ఉంటే ఉండనీ.

ఇక నీ ప్రశ్న. ఇన్నాళ్లూ ప్రతి ఒప్పందానికీ నువ్వు ఏమంటావు అని అడిగావు, నేను నీ ఇష్టం అన్నాను. ఈసారి నా ఇష్టం చెప్తున్నాను. సంతకం పెట్టకు. మనం పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఒక్క పోట్లాటయినా పూర్తిచేసుకున్నామా? ప్రతిదాని మధ్యలోనూ ఓడ వచ్చి నిన్ను తీసుకుపోయింది. దిగి వచ్చెయ్, ఒకటైనా చివరిదాకా పోట్లాడుకుని, ఆ మర్నాడు పొద్దున కూడా ఒకే ఇంట్లో లేద్దాం.

ఇట్లు,
రేవులో చెయ్యూపడం మానేసిన నీ ఇంటిది,
సియోక్-లియన్