పనసచెట్టు కొట్టొద్దని అటవీ అధికారి గారికి

నా పేరు కబసింగుజి, ముద్దుపేరు అబ్వోలి. నాకు డెబ్బై నాలుగేళ్లు. అడవి అంచున ఇంట్లో నేనూ, కోడలూ, రెండు మేకలూ ఉంటాం. నాకు చదువు రాదు. చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

అయ్యా, మీ నోటీసులో నా ముద్దుపేరు లేదు. మా తోరో సీమలో ముద్దుపేరు లేకుండా పిలిచేది దొంగనే.

టికెట్టు లేకుండా చింపాంజీలను చూపిస్తున్నానని మా పనసచెట్టు కొట్టేయమన్నారు. నేనెవరికీ చూపించలేదు. మీ టికెట్టు కొనలేని చవక యాత్రల్లో వచ్చే పర్యాటకులు పొద్దంతా ఊరి దారుల్లో చింపాంజీల కోసం తిరిగి, కాళ్లీడ్చుకుంటూ మా ఇంటికి టీకి వస్తారు. ఆ టీతోనే మా పొయ్యి వెలుగుతోంది. ఆ చింపాంజీలేమో అప్పటికే మా చెట్టెక్కి పనసతొనలు తింటుంటాయి. తలెత్తొద్దని వాళ్లకు నేనెలా చెప్పను?

నిన్న మీ గార్డు గొడ్డలితో వచ్చి, "ముసలమ్మా, పక్కకు జరుగు" అన్నాడు.

"నాది అబ్వోలి. ముందు నీ ముద్దుపేరు చెప్పు నాయనా."

"అరాలి" అన్నాడు సిగ్గుపడుతూ.

"అరాలీ, పైన తల్లీపిల్లా తింటున్నాయి. వాటి టికెట్లు అడిగి, అప్పుడు కొట్టు."

తలెత్తి చూశాడు. చాలాసేపు దించలేదు. "ఎనిమిదేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు అబ్వోలీ" అని రెండు టీలు తాగి వెళ్లాడు.

చెట్టును వదిలేయండి. నమ్మకపోతే మీరే రండి. మీ ముద్దుపేరు మాత్రం మరిచిపోకండి.

వేలిముద్ర: కబసింగుజి అబ్వోలి
సాక్షులు: టీచరు కెమిగీసా అకీకి; మీ గార్డు రుసోకె అరాలి. అతని గొడ్డలి మా వాకిట్లోనే ఉంది.