ట్రంకుపెట్టెలో చంద్రుడు

మంథని,
6-11-1986, గురువారం.

చిరంజీవి ఉపేందర్‌కు అక్క నిర్మలాదేవి దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ బావా ఆరోగ్యంగానే ఉన్నాము. ఆసిఫాబాదులో చలి మొదలై ఉంటుంది. బడిలో పాఠాలు చెప్పడానికి పోయేటప్పుడు చెవులకు మఫ్లరు కట్టుకుంటున్నావనే అనుకుంటాను. మన కింది పొలం కోతకు వచ్చింది. కూలీలు దొరకడం లేదు. ఎవరి పొలంలోకి పోతే ఎవరు ఏమంటారోనని అందరికీ భయం.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. గాజులమ్మే చాంద్‌బీ ఆసిఫాబాదులో ఉన్న తన బిడ్డ దగ్గరికి పోతోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. చదివి చింపెయ్యి.

సోమవారం పొద్దున మన పక్క వాడకట్టులో పోలీసులు ఇల్లిల్లూ సోదా చేశారు. సైకిల్ షాపు ముత్తయ్యను తీసుకుపోయారు. నీ చిన్ననాటి దోస్తు ముత్తయ్యనే. అతని షాపు గోడకు ఒక రష్యా కేలెండరు ఉంది. అంతరిక్షంలోకి పోయిన మొదటి ఆడమనిషి బొమ్మ, నెత్తిన తెల్లటి శిరస్త్రాణం, దాని మీద ఎర్ర అక్షరాలు. అది నువ్వు ఇచ్చిందే కదా. ఆ అక్షరాలు చదవడం స్టేషనులో ఎవరికీ రాదు. ఎర్రగా ఉన్నాయి, అంతే చాలు. ముత్తయ్య ఈ రోజు వరకు ఇల్లు చేరలేదు. వాళ్ల అవ్వ సత్తమ్మ పొద్దంతా స్టేషను ముందర రోడ్డు మీదే కూర్చుంటోంది.

అప్పటి నుంచి నాకు అటకమీది నీ ట్రంకుపెట్టె తప్ప వేరే ధ్యాస లేదు. నిన్న బడి నుంచి వచ్చి దించి చూశాను. మనిషి చంద్రుడి మీద దిగిన ఏడు నీకు పదేళ్లు. రేడియో విని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు నువ్వు. నువ్వు పోరు పెడితే మద్రాసులోని అమెరికా లైబ్రరీకి నేనే కార్డు రాశాను. నెల తర్వాత పోస్ట్‌మాన్ బుచ్చిరాములు అట్ట పెట్టిన పెద్ద కవరు తెచ్చి, "గింత పెద్ద కవరు తాసిల్దారుకు గూడ రాలే పటేలా" అని నీకు వంగి దండం పెట్టాడు. ఆ ఫొటోలు ఇంకా మెరుస్తున్నాయి. తెల్ల అంచులు, వెనక ఊదారంగు ఇంగ్లీషు అక్షరాలు. బూడిదలాంటి మట్టిలో బూటు అడుగు. శూన్యంలో ఒక తాడుకు వేలాడుతున్న మనిషి. నల్లటి ఆకాశంలో సగమే కనిపించే మన భూమి.

ఒకప్పుడు ఇవి చూస్తే ఒళ్లు పులకరించేది. నిన్న ఒక్కో ఫొటో తిప్పుతూ ఇందులో ఎరుపు ఎంత ఉందోనని వెతికాను. తర్వాత నువ్వు రష్యా వాళ్లకు రాసి తెప్పించుకున్న ఎర్ర అక్షరాల ఫొటోలు పోలీసులు చూస్తే మనం అడవిలోని అన్నల మనుషులం. అమెరికా జెండా ఫొటోలు అన్నలు చూస్తే మనం ఎవరి మనుషులమో! అన్నిటికంటే నాకు గుబులు పుట్టించింది నీ నోటుపుస్తకం. అందులో నువ్వు గీసిన రాకెట్లు, ఇక్కడ ఇంధనం, ఇక్కడ మంట అని బాణం గుర్తులు.

మీ బావది ఒకటే మాట. "గా పెట్టె ఇంట్ల ఉంటే మన బతుకు ఆగమైతది. పొయ్యిల పెట్టు" అంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. నువ్వేమంటావో చాంద్‌బీతో చెప్పి పంపు. నువ్వు గూడేలకు పోయి పిల్లలకు ఫొటోలు చూపించి పాఠాలు చెప్పడం కూడా కొన్నాళ్లు మానుకో.

నీ అక్క,
నిర్మల


మంథని,
12-11-1986.

శ్రీ ఉపేందర్‌రావు గారికి నమస్కారములు.

ఇచ్చట మేము క్షేమము. ముత్తయ్య ఇంటికి వచ్చినాడు. పోలీసు వారు మన ఇంటికి వచ్చి నీ ఫొటోలు చూసి సంతోషించినారు. భయపడవలసినది ఏమియు లేదు. వచ్చే ఆదివారము పెద్దపల్లి నుండి పది గంటలకు చేరు బస్సులో వచ్చి నీ పెట్టె తీసుకొని పోవలెను. ఒంటరిగా రావలెను. తప్పక రావలెను.

ఇట్లు,
నిర్మలాదేవి


మంథని,
13-11-1986.

చిన్నా,

పోస్టులో నీకు నా ఉత్తరం ఒకటి వస్తుంది. దాన్ని నమ్మకు. రాసిన చెయ్యి నాదే, మాటలు ఎస్సైవి. పక్కన నిలబడి చెప్పాడు, నేను రాశాను. పైన "గారు" అన్న మాట ఒక్కటే నేను కలిపింది. తమ్ముణ్ణి ఏ అక్కా గారు అనదు కదా, నువ్వు పసిగడతావని. కానీ ఆ ఒక్క మాట మీద నీ ప్రాణం వదిలేసే ధైర్యం చాలక ఇది రాసి, తిరిగొచ్చిన చాంద్‌బీని మళ్లీ నీ దగ్గరికి పంపుతున్నాను.

నువ్వు రావద్దు. ఈ ఆదివారమే కాదు, ఏ వారమూ రావద్దు.

మంగళవారం సోదా మన వాడకట్టుకు వచ్చింది. పన్నెండు గంటలప్పుడు నాలుగో తరగతికి పద్యం చెబుతున్నాను. మన ఇంట్లో పని చేసే కనకవ్వ పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, మనింట్ల పోలీసోళ్లు జొచ్చిండ్రు" అంది. ఇంటికి ఎలా పోయానో నాకు తెలియదు. వాకిలి నిండా ఫొటోలు. వాటి మీద బూట్లతో తిరుగుతున్నారు. మీ బావను గోడకు ఆనించి నిలబెట్టారు.

ఎస్సై ఆ అడుగు ఫొటో చేతిలోకి తీసుకుని, "గీ అడుగు ఎవలది?" అని అడిగాడు. చంద్రుడి మీద దిగిన మనిషిది అన్నాను. "గక్కడేం పని?" అన్నాడు. తాడుకు వేలాడే మనిషిని చూపి, "గీ వైరు దేనికి? పేల్చెటందుకా?" అన్నాడు. వేరే రోజైతే నవ్వేదాన్ని. నోటుపుస్తకం దొరికాక అందరూ దాని చుట్టూ చేరారు. ఎస్సై పేజీ తర్వాత పేజీ తిప్పాడు.

వాళ్లకు నీ పేరు తెలిసింది. నువ్వు గూడేలు తిరిగేది మీటింగులు పెట్టడానికని, ఆ రాకెట్లు అన్నలకు చేసి ఇవ్వడానికని ఎస్సై అన్నాడు. మీ బావను జీపు ఎక్కించారు. మరునాడు మళ్లీ వచ్చి నా ముందు కాగితం పెట్టి ఉత్తరం రాయమన్నాడు. రాయనన్నాను. "మీ సారు నడుసుకుంట ఇంటికి రావాలె గదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. రాశాను.

ఆసిఫాబాదు వేరే జిల్లా. అక్కడ బడిలో పదిమంది టీచర్ల ముందు నిన్ను పట్టుకోవడం వాళ్లకు ఇష్టం లేదు. ఇక్కడైతే బస్సు దిగగానే, ఎవరూ చూడకుండా. బస్టాండు హోటలులో లుంగీలు కట్టుకున్న కొత్త మనుషులు ఇద్దరు పొద్దటి నుంచి చాయ మీద చాయ తాగుతున్నారని కనకవ్వ చూసి వచ్చింది. ఈ చుట్టుపక్కల బస్సు దిగి ఇల్లు చేరనివాళ్ల సంగతి నీకూ తెలుసు.

ఇది అందగానే ఆసిఫాబాద్ రోడ్ స్టేషనుకు పో. సరిహద్దు దాటి మహారాష్ట్రలోని చాందా పోయే రైలు ఏది ముందు వస్తే అది ఎక్కు. అక్కడ మన బాపు స్నేహితుడు అంబదాస్ కాక ఉన్నాడు. బడికి సెలవుచీటీ కూడా రాయకు.

మీ బావ సంగతి ఏమవుతుందో తెలియదు. నువ్వు వస్తే ఆయనను వదులుతారేమోనని నా మనసులో ఒక మూల అనిపించింది. అది కూడా నీ దగ్గర దాచను. అయినా రాకు.

అక్క


మంథని,
22-3-1987, ఆదివారం.

చిరంజీవి ఉపేందర్‌కు, ఉన్నచోట చల్లగా ఉండాలని కోరుకుంటూ అక్క రాసేది.

నీ ఉత్తరం అంబదాస్ కాక కొడుకు తెచ్చి ఇచ్చాడు. ఇదీ అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు ట్యూషన్లు చెప్పుకుంటున్నావని, మరాఠీ నోరు తిరుగుతోందని చదివి నా కడుపు నిండింది.

మీ బావ తొమ్మిది రోజులకు ఇల్లు చేరారు. కుడి చెవి వినబడదు. ఇప్పుడు ఆయనకు ఎడమ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాను. ఆ ఆదివారం పది గంటల బస్సు రాగానే లుంగీల మనుషులు ఎక్కి ఒక్కొక్కరి మొఖం చూశారట. నీ అంత ఎత్తున్న ఒక మందుల కంపెనీ మనిషిని మెడ పట్టి కిందికి లాగారు. అతను ఏడుస్తూ కార్డు చూపిస్తే వదిలారు. అది విన్నప్పటి నుంచి ఆ మనిషి మొఖం నాకు నీ మొఖంలాగే కనిపిస్తుంది. ఆ ఎస్సై జనవరిలో బదిలీ మీద పోయాడు. కొత్తాయన ఇంకా మన గడప తొక్కలేదు.

నోటుపుస్తకమూ ఎర్ర అక్షరాల ఫొటోలూ వాళ్లు పట్టుకుపోయారు. మిగిలినవి మీ బావ ఇల్లు చేరిన రోజే నేను పొయ్యిలో పెట్టాను. మందపాటి కాగితం, తొందరగా అంటుకోలేదు. అంచుల నుంచి ముడుచుకుంటూ, ముక్కు మండే వాసన. ఒక్కటైనా దాచానని రాస్తే నీకు బాగుండేది. దాచలేదు. భూమి ఫొటో కూడా పోయింది.

భయం మాత్రం పోలేదు. బడిలో ఉన్నప్పుడు జీపు చప్పుడైతే పద్యం మధ్యలో ఆగిపోతాను. పిల్లలే తర్వాతి పాదం అందుకుంటారు.

ముత్తయ్య గురించి నువ్వు రాసింది చదివాను. "వాడే నా పేరు చెప్పి బతికిండు, వాని మొఖం ఈ జన్మల చూడ" అని రాశావు. ముత్తయ్యను డిసెంబరులో వదిలారు. ఎడమచేతి రెండు వేళ్లు వంగడం లేదు, పంక్చరు వేయడానికి తంటాలు పడుతున్నాడు. మొన్న మన వాకిట్లో కూర్చుని, "ఉపేందర్ మంచిగున్నడా అక్కా? ఒక్క కార్డు ముక్క రాయమను" అన్నాడు. నీ చిరునామా నేను ఇవ్వలేదు.

ఎండలు ముదురుతున్నాయి, కుండ నీళ్లే తాగు. ఇక ఉంటాను.

దీవెనలతో,
నీ అక్క నిర్మల

తా.క.: కవరు అతికించి మళ్లీ విప్పాను. నీ పేరు చెప్పింది ముత్తయ్య కాదు. అన్ని రోజులు కొట్టినా ఆ కేలెండరు జాతరలో కొన్నానన్నాడే తప్ప నీ పేరు ఎత్తలేదట. చెప్పింది నేను. నన్ను ఎవరూ కొట్టలేదు, ముట్టుకోలేదు. ఆ మంగళవారం సోదా మధ్యలో ఎస్సై మంచినీళ్లు అడిగితే తెచ్చి ఇచ్చాను. తాగి గ్లాసు నా చేతికిస్తూ, "నోటుబుక్కు ఎవలిదమ్మా?" అన్నాడు. మా తమ్ముడిదన్నాను. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, బడి చెప్పాను. అడగకముందే గూడేల సంగతి కూడా చెప్పాను. ముత్తయ్యకు కార్డు రాయి. నాకు రాయాలో వద్దో నీ ఇష్టం.