కరిచే తోలు

ఇబ్రహీంపట్నం, 10 మే 1948

పట్నంలో చెప్పులు కుట్టే మేనమామ లింగస్వామికి, అల్లుడు అంజిలయ్య దండం పెట్టి రాసేది.

మామా, ఇక్కడ అందరం బతికే ఉన్నాం. దొర మూడు నెలల కింద పట్నం పోయాడు. ఎద్దులను రజాకార్లు తోలుకుపోయారు. మిగిలింది దొర ట్రాక్టరు ఒక్కటే. వెనక నడుస్తూ తోలేది, తోటపనికి తెప్పించిన చిన్నది. ఎనిమిదేండ్లుగా షెడ్డులో పడి ఉంటే నేనే విప్పాను. ఎవడూ నేర్పలేదు.

ఇంజను మొరుగుతోంది, బండి కదలదు. క్లచ్ అరిగింది. ఇంజను చక్రంలో ఒక ఇనుప గిన్నె, అందులోకి దిగే ఇంకో గిన్నె, లోపలి గిన్నె చుట్టూ తోలు పట్టీ. స్ప్రింగ్ నెడితే రెండు గిన్నెలూ కరుచుకోవాలి, అప్పుడే చక్రాలు తిరుగుతాయి. ఆ తోలు కాగితంలా అయింది. లోపలి గిన్నెను వెనక్కి లాగే కాలర్ అరిగితే ఆకురాయితో నేనే సరిచేశాను. తోలు నా వల్ల కాదు. కొలత కాగితం కత్తిరించి ఇందులో పెట్టాను.

మృగశిర లోపల దొర తోట ఆరెకరాలూ దున్నాలి. చెట్లు ఎప్పుడో ఎండిపోయాయి, నేల ఖాళీగా ఉంది. దున్నకపోతే ఈ ఏడు పన్నెండు ఇండ్లల్లో పొయ్యి వెలగదు. అందులో మా అవ్వ ఇల్లు ఒకటి. ఠాణాలో టపా విప్పి చదువుతున్నారు, ఇంతకంటే రాయను.

నీ తోలు కోసం చూసే,
అంజిలయ్య

తా.క.: క్లచ్ అంటే ఏమిటో పోలీసు అమీనుకు చెప్పేసరికి నాకు సగం రోజు పట్టింది. అంతా విని, "గిది పేల్తదా?" అన్నాడు.


చాదర్‌ఘాట్, 20 మే 1948

అల్లుడు అంజిలయ్యకు మామ దీవెన. రాసేటోడు పక్క దుకాణం శ్రీపాల్. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తడు.

నీ ఉత్తరం చదివించుకున్న. దొర ట్రాక్టరు, దొర తోట, అంత సమజైంది. పట్టీ పంపుతున్న. తంగేడు చెక్కల ఊరిన దున్నపోతు తోలు. మూడు దినాలు ఆముదం తాపిన. చెయ్యి వెడితే జారిపోతది. ఎద్దు మెడకు కట్టినా పుండు గాదు. గింత మంచి తోలు మీ ఊర్ల ఎవ్వడు చూసి ఉండడు.

మీ అవ్వను, నా చెల్లె ఈదమ్మను, అడిగిన్నని చెప్పు.

లింగస్వామి

తా.క.: నీ కొలత కాగితం మస్తు వంకర ఉన్నది. అది ఎవని పాదమో గాని జర దవాఖానకు తీస్కపో.


ఇబ్రహీంపట్నం, 2 జూన్ 1948

మామకు అంజిలయ్య రాసేది. దండం ఉంది, కోపం కూడా ఉంది.

నీ పట్టీ తొడిగాను. రాగి ములుకులు కొట్టాను. పన్నెండు ఇండ్లవాళ్లూ గట్టు మీద నిలబడ్డారు. ఇంజను ఊరంతా వినబడేటట్టు అరిచింది. దొర ట్రాక్టరు జానెడు కూడా జరగలేదు. గిన్నెలో గిన్నె నున్నగా తిరుగుతోంది, అంతే. మైసమ్మ అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "గిది దున్నుతదా, పాట వాడుతదా?" అంది. ఇంతమందిలో నా తల తీసేసినట్టయింది.

మామా, ఇది ఎద్దు మెడ కాదు. నాకు జారే తోలు వద్దు, కరిచే తోలు కావాలి. ఆముదం పొయ్యకు. నునుపు చెయ్యకు. మంచి తోలు వద్దు, మొరటు తోలు పంపు. వారంలో వాన పడుతుంది.

అంజిలయ్య

తా.క.: అది పాదం కాదు.


చాదర్‌ఘాట్, 12 జూన్ 1948

అల్లునికి దీవెన, కొద్దిగ.

ముప్పై ఏండ్లాయె నేను తోలు వట్టి. నా తోలు కరిచిందని ఒక్కడన్న అనలే. కరిచే తోలు చెయ్యుమని నా మేనల్లుడే రాసిండంటే బజార్ల నవ్వుతున్నరు. దొర ట్రాక్టరుకు మొరటు తోలు వంపితే నా ఇజ్జత్ ఏం గావాలె?

ఇంకో పట్టీ పంపుతున్న. దీన్ని సీసా పెంకుతోని రెండు దినాలు రుద్దిన. మైనం పూసిన. దాంట్ల నీ మొకం గూడ చూస్కోవచ్చు. దొర గూడ చూస్కోవచ్చు.

లింగస్వామి

తా.క.: కరిచేదే గావాలంటే మా గల్లీల ఒక కుక్క ఉన్నది. బస్సు ఎక్కనంటున్నది.


ఇబ్రహీంపట్నం, 25 సెప్టెంబర్ 1948

లింగస్వామికి అంజిలయ్య రాసేది. మామా అని పిలవడానికి నోరు రావడం లేదు.

మూడు నెలలు రాయలేదు. రాస్తే బూతులే వచ్చేవి. నీ రెండో పట్టీకి ఇసుక అద్దాను, పట్టు దొరకలేదు. బెల్లం పూశాను, చీమలు పట్టాయి. వానలు వచ్చాయి, పోయాయి. గడ్డపారలతో తవ్వి రెండెకరాలు విత్తాం. మా అవ్వ అరచేతులు పగిలి ముద్ద కలుపుకోలేకపోయింది, నేను తినిపించాను.

రజాకార్లు పోయారు. ఈ ఉత్తరం ఎవడు విప్పుకున్నా సరే, దాచింది రాస్తున్నాను. దొర పారిపోయిన వారానికే సంఘం దొర తోటను పన్నెండు ఇండ్లకు పంచింది. దొర బావి మాది. దొర ట్రాక్టరు మాది. బావి పక్కన అర ఎకరం మా అవ్వ పేర పడింది. ఇప్పుడు మిలిటరీ లారీల వెనక దొర మళ్లీ వస్తాడంటున్నారు. మొలిచిన చేనైతే అడ్డం నిలబడి "మా పంట" అంటాం. నాలుగెకరాలు బీడుగా ఉంది. బీడు ముందు నిలబడి ఏమనాలి? యాసంగి జొన్నకు పదిహేను రోజుల అదును ఉంది, అంతే.

నీకు తోలు పని రాదు. రాదని ముందే చెబితే ఇంకొకణ్ని వెతుక్కునేవాణ్ని.

అంజిలయ్య

తా.క.: కుక్కను పంపినా బాగుండేది.


చాదర్‌ఘాట్, 1 అక్టోబర్ 1948

అల్లుడా, కూసొని చదువు.

క్లచ్ తోలు మాంసం దిక్కు, అంటే గరుకు దిక్కు, బయటికి వెట్టాలె. ములుకుల తలలు తోలు లోపలికి దిగాలె. నీళ్లల్ల నానవెట్టి తొడిగితే ఎండినంక బిగుస్తది. ఇవన్ని నాకు నీ మొదటి ఉత్తరం నాడే తెలుసు. ఇక్కడ మోటారు కార్ఖానకు గీ పట్టీలు పదేండ్ల నుంచి కోస్తున్నది నేనే.

కావాల్ననే నున్నగ జేసిన. రెండుసార్లు.

బావి మోటకు తోలు ఆలస్యమైందని మా నాయనను, అంటే నీ తాతను, ——— తోట గడప ముందట వంగవెట్టి నడుం మీద రాయి ఎత్తిచ్చిండు దొర. నేను చూసిన. ఆ నెలల్నే ఊరిడిసిన. వెట్టికి తోలు కొయ్యనని ఒట్టు వెట్టుకున్న. నువ్వేమో ప్రతి ఉత్తరంల దొర ట్రాక్టరు, దొర తోట అని రాస్తివి. నా అల్లుడు గూడ వెట్టికే వంగిండు అనుకున్న. ——— తోటల నా తోలుతోని ఒక్క చాలు గూడ పడొద్దనుకున్న. టపా విప్పుతున్నరని రాసినవ్, సరే. మీది అయిన సంగతి రాసిన ఉత్తరంల గూడ దొర బావి మాది అంటివి గదరా!

మీ అవ్వ చేతులు పగిలినయంటే పగలగొట్టింది నేనే. ఆమెకు ఈ ముక్క చదివి వినిపియ్యి. తిడితే తిట్టనియ్యి.

అయిదో తారీఖు పొద్దుగాల బస్సుకు వస్తున్న. పట్టీని టపాల వెయ్య, నడుముకు చుట్టుకొని తెస్త. నేనే తొడుగుత. పదిహేనేండ్ల కింద ఇడిసిన ఊరు, ——— తోటకు బాట మర్చిపోయిన, నువ్వు ఎదురు రా. దొర వచ్చేలోపల నాలుగెకరాలు నల్లగ తిరగెయ్యాలె.

నీ మామ, ఇంక నువ్వు పిలుస్తనంటే,
లింగస్వామి

తా.క.: ఇది రాస్తున్న శ్రీపాల్ మాట. గీతలు పెట్టిన మూడు చోట్లా మీ మామ నోట "దొర తోట" అనే వచ్చింది. చదివి వినిపించాను. కొట్టెయ్యమన్నాడు. మరి అక్కడ ఏం రాయాలని అడిగాను. "ఏం రాయాల్నో నాకు ఎర్కే, నోరే తిరుగుతలేదు. వాళ్లనే నింపుకోమను" అన్నాడు.