తల దించుకుంటే చదువుండదా?

మా అక్క కూతురు ఒటీలియాను సోమవారం మీ బడి గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. జిల్లా బడుల అధికారి మీరు కాబట్టి, దీనికి జవాబు చెప్పాల్సింది మీరే.

మీ గుమాస్తా ఇంగ్లీషులో పేరడిగితే పిల్ల తల దించుకుని నిలబడింది. “దీనికి భాష రాదు. రైలు పట్టాల అవతల మీ మెక్సికన్ల బడి ఉందిగా, అక్కడ చేర్పించుకో” అని ఆవిడ అక్కను తోలేసింది. వరసలో ముందున్న తెల్లపిల్లను మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంటికొచ్చాక నేనడిగాను.

“ఏమే, నోరు పడిపోయిందా?”

“కొత్త పెద్దవాళ్ల ముందు తల దించుకోమని, అమ్మ చెప్పమంటేనే మాట్లాడమని అమ్మమ్మే కదా నేర్పింది, మావయ్యా!”

“ఆవిడ మాటలు అర్థమయ్యాయా?”

“అన్నీ. ‘వీళ్లకి పేలుంటాయి, దూరంగా ఉండు’ అని పక్కావిడతో అంది. నాకు పేల్లేవు, మావయ్యా.”

అది పుట్టింది ఈ కాలిఫోర్నియాలోనే. నేను నారింజలు కోస్తూ, పెట్టెల మీది అక్షరాలు చూసి మీ భాష నేర్చుకున్నవాణ్ణి. ఈ ఉత్తరంలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

గొడవెందుకని రేపు ఒటీలియా ఒక్కదాన్నే చేర్చుకుంటామంటారేమో. మాకొద్దు. తోటల్లో పనిచేసే కుటుంబాలన్నీ నిన్న చర్చి వెనక కూర్చుని ఒకే మాట మీద నిలబడ్డాయి. లాయరూ దొరికాడు. గెలుస్తామని ఆయనకన్నా మా అక్కకే ఎక్కువ నమ్మకం.

పట్టాల అవతలి పిల్లలందరినీ మీ బడిలో చేర్చుకుంటున్నట్టు రాసి, సంతకం పెట్టి పంపండి. శుక్రవారం సాయంత్రం పని వదిలేలోగా అది నా చేతిలో ఉండాలి. లేకపోతే ఆ జవాబేదో జడ్జిగారికే చెప్పుకుందురుగాని.