పద్నాలుగో గూడు

ఎగువ క్యాబిన్,
ఆగస్టు 18

ప్రియమైన డెల్లాకు,

నా చేతిరాత చూసి నువ్వు ఆశ్చర్యపోతావు. మీ ఆయన లోర్న్ పోయి పదకొండు నెలలైంది. సమాధి చేసిన రోజున నీ చేతిలో రొట్టె పళ్ళెం పెట్టి కొండెక్కి వచ్చేశాను. తర్వాత మళ్ళీ నీ గుమ్మం తొక్కలేదు.

మొన్న సరుకుల ట్రక్కు డ్రైవరు చెప్పాడు, నువ్వింకా లోర్న్‌కి సమాధి రాయి పెట్టించలేదని. "తాగి మునిగినవాడి పేరు చెక్కించి ఎవరికి చూపించుకోను?" అన్నావట. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

లోర్న్ తాగలేదు, డెల్లా. అతని కోటులో దొరికిన సీసా నాది. సీజన్లో చివరి చేపను వదిలిన చోట ఒక మూత విస్కీ ఏటిలో పొయ్యడం మా అలవాటు. ఆ రోజు లోర్న్‌కి మూడు బుల్ ట్రౌట్ చేపలు పడ్డాయి. మూడోది నీ చెయ్యంత ఉంటుంది. తెల్ల ఈకలతో తను కట్టుకున్న గాలానికే పడింది. దాన్ని నీళ్ళలోంచి పైకెత్తకుండానే ముల్లు తీసి, ఊపిరి అందేదాకా ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని వదిలాడు. విస్కీ పోసి, "నా వంతు కూడా ఏరే తాగేసింది గురూ, రేపు దాని తలనొప్పి అదే పడుతుంది" అన్నాడు. సీసా జేబులో వేసుకున్నాడు. నాలిక మీద చుక్క పడలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఇంటికి రావాలంటే ఏటిలో కలిసే వాగు దాటాలి. వాగులో మేం గాలం వెయ్యం, అది చేపలు గుడ్లు పెట్టే చోటు. ఏటా సెప్టెంబరులో అక్కడి గూళ్ళు లెక్కపెట్టి చేపల ఆఫీసుకు రాసి పంపేది నేనే. ఆడచేప తోకతో నాచు రాళ్ళను తిరగేసి గుంట చేస్తుంది, అదే గూడు, ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. కనబడగానే ఒడ్డునున్న చెట్టుకు రిబ్బను కడతాను. రిబ్బను ఉన్నచోట ఎవరూ కాలు పెట్టకూడదు. మేం ఎప్పుడూ దాటే మోకాలి లోతు రేవులోనే అంతకు వారం ముందు ఒకటి కట్టాను. ఆ ఏటికి అది పద్నాలుగోది.

లోర్న్ రేవులో దిగబోతుంటే, "అక్కడ కాదు, గూడుంది, కింద నుంచి దాటుదాం" అని కేకేశాను. కింద వాగు ఇరుకు, నడుం లోతు. పైగా ముందురోజు వాన. అతను ఆ రాళ్ళకేసి చూసి, "గూడేనా గురూ?" అన్నాడు.

"ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను, నాకు నేర్పుతావా?"

"సరే బాబూ, గూడే. నేను ముందు దాటి నీకు కర్ర అందిస్తా. నువ్వు మునిగితే మోసుకెళ్ళడం నా వల్ల కాదు" అని నవ్వి దిగాడు. నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగుకు కాలి కింద రాయి దొర్లింది. ఛాతీదాకా ఉండే ఆ రబ్బరు ప్యాంటులో నీళ్ళు నిండాయి. నేను ఒడ్డు వెంట పరిగెత్తాను. అతని టోపీ నాకంటే ముందు పోయింది.

నీకు చెప్పాల్సింది ఇంకా ఉంది. పది రోజుల తర్వాత ఒక్కణ్ణే ఆ రేవుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళలో చెయ్యి పెట్టాను. గూడైతే గుంట వెనక వదులు రాళ్ళ దిబ్బ ఉండాలి. లేదు. అంతా గట్టిగా ఉంది. వరద కడిగి తెల్లగా చేసిన రాళ్ళవి. అక్కడ ఒక్క గుడ్డు కూడా లేదు.

రోజూ రాసుకునే పుస్తకంలో ఇప్పటికీ పద్నాలుగనే ఉంది. పదమూడని దిద్దితే ఎందుకు దిద్దానో పక్కన రాయాలి. లోర్న్ తాగలేదంటే లోతులో ఎందుకు దిగాడో చెప్పాలి. ఊరంతా తాగుబోతని అంటుంటే ఊరుకున్నది అందుకే. నన్ను క్షమించమని అడగడం లేదు. రాయి పెట్టించు.

వెర్న్ కొవాల్చుక్


ఆగస్టు 27

వెర్న్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తాగని మనిషిని పదకొండు నెలలు తిట్టుకున్నాను. అతని చొక్కాలు కూడా పొయ్యిలో వేశాను. ఆ పాపం సగం మీది.

అయితే మీకు తెలియనిది నా దగ్గర ఒకటుంది. పోవడానికి ముందు ఆదివారం లోర్న్ భోజనం చేస్తూ నవ్వాడు. "గురువు వరద కడిగిన రాళ్ళకి రిబ్బను కట్టాడే" అన్నాడు. చెప్పలేకపోయావా అని అడిగాను. "చెబితే చూపు పోయిందని ఒప్పుకోవాలి. ఇక వచ్చే ఏడు లెక్కకు రాడు. ఆ లెక్క తప్ప ఆయనకేముంది? ఒక గూడు ఎక్కువైతే చేపలేం కోర్టుకెక్కవు. చుట్టూ తిరిగితే నా కాళ్ళేగా తడిసేది" అన్నాడు.

అప్పుడు నేనూ నవ్వాను. ఆ చుట్టుదారి ఎంత లోతో నాకు తెలియదుగా.

కాబట్టి అతను మీ మాట నమ్మి దిగలేదు. అక్కడేమీ లేదని తెలిసే దిగాడు, మీ పరువు కోసం. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు. ఇన్నాళ్ళూ ఊరి మాటలు నేనొక్కదాన్నే మోశాను, ఇక మీరూ మొయ్యండి.

వచ్చే శనివారం హాల్లో వేటగాళ్ళ విందు ఉంది. తాగుబోతన్న వాళ్ళందరూ వస్తారు. మీరు లేచి నిలబడి నాకు రాసిందంతా చెప్పాలి, చూపు సంగతితో సహా. మీకు నలుగురిలో మాట పెగలదని తెలుసు. పెగలకపోతే, దీనితోపాటు తిప్పి పంపుతున్న మీ ఉత్తరం తెచ్చి చదవండి. అక్షరాలు కనబడకపోతే నా చేతికివ్వండి, నేను చదువుతాను.

డెల్లా హాస్కెట్