బాపు చూసిన సముద్రం

థానే,
ఆదివారం పగలు.

అక్కకు,

చెల్లె సుజాత నమస్కారాలు. నువ్వు, బావ, అత్తమ్మ మంచిగున్నారని అనుకుంటున్నాను. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ షుగరు పరీక్ష చేయించుకున్నాడా, లేక వచ్చేవారం, వచ్చేవారం అంటూనే ఉన్నాడా? ఇక్కడ మేమందరం బాగున్నాము అని రాయబోయి, కలం పక్కన పెట్టి, లేచి చాయ్ పెట్టుకొని వచ్చాను. ఆ ఒక్క మాట రాయడానికి చెయ్యి ఎందుకు రాలేదో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఒంట్లో మాత్రం అందరికీ బాగానే ఉంది. బాపు బీపీ గోలీలు వేళకు వేసుకుంటున్నాడు. ఆ ఫికరు పెట్టుకోకు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నువ్వు అడిగిన మాటను మూడుసార్లు దాటేశాను. బాపు ఇక ఇక్కడే ఉంటాడా, మళ్ళీ మీ దగ్గరికి వస్తాడా, రాకపోతే ముందరి గది కుట్టుమిషను ఆమెకు కిరాయికి ఇస్తాము, దసరాలోపల చెప్పు అన్నావు. ప్రతిసారీ "బాపుకు ఇక్కడ మస్తు మంచిగుంది, కనుక్కొని చెప్తా" అని పెట్టేశాను. కనుక్కోలేదు అక్కా. నిన్నటిదాకా ఒక్కసారి కూడా ఆయనను అడగలేదు. అడిగితే ఏం చెప్తాడోనని.

ఇక్కడ వాన ఇంకా పోలేదు. మన దగ్గర వాన పడితే పడింది, ఆగితే ఆగింది. ఇక్కడ అది కూడా ఇంట్లో మనిషిలాగే ఉంటుంది. బట్టలు మూడు రోజులైనా ఆరవు. కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పిన నేను ఇక్కడ ఆరో తరగతి వాళ్ళకు పటంలో నదులు చూపిస్తున్నాను. అందులో గోదావరి వచ్చినప్పుడు వేలు కాసేపు అక్కడే ఆగుతుంది. ఎదురింటి మరాఠీ ఆమె అప్పుడప్పుడు భాకరీ తెచ్చి ఇస్తుంది. బాపు మొదటిరోజు తిని, "గిది మన జొన్నరొట్టెనే, ఈడికొచ్చి పేరు మార్చుకున్నది" అన్నాడు. మామిడి తొక్కు అయిపోవచ్చింది. ఎవరైనా వస్తుంటే ఒక డబ్బా పంపించు. బాపుకు నువ్వు చుట్టి ఇచ్చిన బీడీలు కూడా నాలుగైదే మిగిలాయి. రోజుకొకటి సగం కాల్చి, ఆర్పి, దాచుకుంటున్నాడు.

అసలు సంగతికి వస్తాను. నిన్న అందరం కలిసి బొంబాయి చూడడానికి పోయాము. నేను, మీ మరిది శ్రీనివాస్, మా బిడ్డ మేఘన, బాపు. ఈ ఆలోచన మేఘనది. చిన్నప్పటి నుంచి తాత చెప్పిన బొంబాయి ముచ్చట్లు విని ఉన్నది కదా. "తాతే మనకు గైడ్. మనం ఎవ్వరం నోరు తెరవొద్దు" అని రైలెక్కకముందే చెప్పింది. నీకు గుర్తుందా, బాపు బొంబాయి పక్క భివండిలో, మరమగ్గాల కార్ఖానాలో సాంచలు నడిపిన ఆ నాలుగేళ్ళు? నాకు ఆరేడేళ్ళు, నీకు పది దాటాయి. పెనిమిటి జాబు వచ్చిందంటే అవ్వ చేతులు కడుక్కొని వచ్చి కూర్చునేది, నువ్వు చదివి వినిపించేదానివి. "సముద్రం మన మానేరు లెక్కనే ఉంటది, గని అవతలి ఒడ్డు కనవడది. నీళ్ళు నీలిమందు కలిపినట్టుంటయి." అవ్వ ఆ ముక్క దగ్గర "జర మళ్ళ చదువు" అనేది. నాకు ఇప్పటికీ కంఠతా ఉంది.

రైలు దిగాక మా గైడు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. "మస్తు మారింది బిడ్డా. అప్పుడు గిట్ల లేకుండె" అన్నాడు. మేఘన ఏది అడిగినా అదే జవాబు. నలభై ఏళ్ళు కదా, మారకుండా ఉంటుందా అనుకున్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. మీ మరిదే ముందు నడిచాడు.

ముందు నీకు చీర కొందామని బట్టల బజారుకు పోయాము. నిజం చెప్పాలంటే అది ఉత్త చీర కాదు. మే నెలలో బస్టాండులో నిన్ను అన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. "నువ్వు బీడీలల్ల, బావ దుకాణంల, బాపు దినమంతా ఒక్కడే పడి ఉంటుండు" అన్నాను. పదిమంది ముందు అన్నాను. నువ్వు బాపు సంచీలో గోలీల డబ్బా సర్దావు. ఆ మాటకు చీర సరిపోతుందా అని నన్ను నేను అడుగుతూనే, మంచి చేనేత చీర కోసం ఒక పెద్ద దుకాణం ఎక్కాను. అద్దాలు, చల్లగాలి, పరుపుల మీద కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చారు.

ఒక చీర నాకు నచ్చింది. పసుపురంగు, ఎర్ర అంచు. అమ్మే అతను "ప్యూర్ హ్యాండ్లూమ్, మేడమ్" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. బాపు పక్కన కూర్చొని అంచును బొటనవేలుతో రాశాడు, వెనక్కి తిప్పి చూశాడు. నేను రంగు చూడడంలో ఉన్నాను. అంతలో ఆయన కొంగు చివరనుంచి ఒక పోగు లాగి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, గీసి, దానికి అంటించాడు!

మన సిరిసిల్లలో ఇది ఎవరికీ వింత కాదు. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టరైతే ముడుచుకొని ముద్దవుతుంది, అంతే. కాని అది సిరిసిల్ల కాదు కదా. అమ్మే అతను "ఆగ్! ఆగ్!" అని దుకాణమే అంటుకున్నట్టు కేకపెట్టి లేచాడు. గేటు దగ్గరి మనిషి ఎర్ర సిలిండరు పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే బాపు మంట ఊది, మిగిలిన నల్ల గుండును అరచేతిలో పెట్టుకొని తన భివండి హిందీలో అడుగుతున్నాడు: "హాత్‌మగ్గం బోలే న తుమ్? యే క్యా, గోలీకే మాఫిక్?" చేమగ్గమన్నావు కదా, ఇదేమిటి గోలీలాగా అని.

పక్కన చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు తమ చేతుల్లోవి మెల్లగా కింద పెట్టేశారు. యజమాని వచ్చి దణ్ణం పెట్టి మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. దణ్ణం పెట్టిన తీరు మంచిది కాదులే. మీ మరిది క్షమించమని వాళ్ళకు చెబుతున్నాడు, మేఘన నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని వంగిపోయి నవ్వుతోంది. అగ్గిపెట్టె వాళ్ళే ఉంచుకున్నారు.

బయటికి రాగానే బాపు మొహం చిన్నబోయింది. "తప్పైంది బిడ్డా. అలవాటుల చేసిన. నీ పరువు తీసిన."

"నీ అల్లుని పరువు తీసినవ్ మామా, ఆమెది కాదు. ఆమె ఎప్పుడో బయటికి ఉరికింది" అన్నాడు మీ మరిది. అప్పుడు గాని బాపు నవ్వలేదు.

తర్వాత ఒక ఇరుకు గల్లీలో, చిన్న గద్దె మీద కూర్చొని అమ్మే ముసలాయన దగ్గర చీర దొరికింది. ఈసారి బాపు పోగును పళ్ళతో కొరికి చూశాడు. లేత ఆకుపచ్చ, సన్నటి అంచు. "గిది పెద్దదానికి. కంటికి సల్లగుంటది" అని ఆయనే మడత పెట్టి, సంచి కూడా ఎవరికీ ఇవ్వకుండా సంకలో పెట్టుకున్నాడు. నేను ఎంచిన పసుపురంగు కంటే అదే నీకు నప్పుతుంది. నీ సంగతి ఆయనకే బాగా తెలుసు.

నాలుగు గంటలకు సముద్రం ఒడ్డున గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరికి చేరాము. వాన ఆగింది. జనం, పావురాలు, పడవల వాళ్ళ కేకలు. బాపు గట్టు దగ్గరికి పోయి రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. మేఘన ఫోను తీసి, "తాతా, అప్పుడు నువ్వు ఏడ నిలబడ్డవో ఆడనే నిలబడు, ఫొటో తీస్తా" అన్నది.

ఆయన కదల్లేదు. నీళ్ళకేసి చూస్తూ, "నేను రాలే బిడ్డా" అన్నాడు.

"ఎప్పుడు?"

"అప్పుడు. అసలే రాలే. గిదే మొదలు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "మరి జాబులల్ల రాయించినవ్ కద బాపూ" అన్నాను.

"గదిల పద్నాలుగు మందిమి ఉంటుంటిమి. జాబు రాయొచ్చినోడు నర్సయ్య ఒక్కడే. ఆయన చూసిండు సముద్రం. అందరి జాబులల్ల గదే రాసేటోడు. మేం వేలు పెట్టి చూపిచ్చేటోళ్ళం, జర సముద్రం గూడ రాయి నర్సన్నా అని."

"కాపీ పేస్ట్, తాతా!" అన్నది మేఘన.

"ఏమో బిడ్డా, గా పేరు నాకు తెల్వది." నవ్వాడు గాని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. "శుక్రారం ఒక్కటే సెలవు. గా దినం బట్టలు పిండుకునుడు, పండుకునుడు. రైలెక్కుదామంటె భయం. తప్పిపోతె ఎవ్వలకు చెప్పాలె? మీ అవ్వకేమో ఫికరు. సముద్రం చూసిండంటె, తిని తిరిగి మంచిగున్నడు అనుకుంటది. సాంచ కాడ నిలవడి నిలవడి కాళ్ళు వాచినయని రాయిస్తనా?"

అక్కా, ఒకటి అడుగుతాను. మన వాడలో భివండి పోయినవాళ్ళందరి ఇళ్ళలోనూ జాబులు చదివిపెట్టింది నువ్వే. కనకవ్వ ఇంట్లో చదివావు, రాజవ్వ ఇంట్లో చదివావు. వాళ్ళ జాబుల్లోనూ అదే మానేరు, అదే నీలిమందు ఉండి ఉంటాయి కదా. నీకు అప్పుడే తెలుసా? తెలిసే అవ్వకు మళ్ళీ మళ్ళీ చదివి వినిపించావా? పదేళ్ళ పిల్లకు అంత ఓపిక ఎక్కడిది? నాకు రాత్రి నుంచి ఇదే ఆలోచన. ఇంత చదువుకున్నది నేను, మనిషిని చదవడం వచ్చింది నీకు.

మేఘన, మీ మరిది మక్క కంకుల కోసం పోయారు. నేను బాపు పక్కన గట్టుకు ఆనుకొని నిలబడ్డాను. ఇక అడగకుండా ఉండలేకపోయాను.

"బాపూ, మా ఇంట్ల నీకు మంచిగుందా?"

"మంచిగనే ఉంది బిడ్డా. నాకేం తక్కువ?"

"గిది నువ్వు చెప్తున్నవా, నర్సయ్య చెప్తుండా?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. గట్టిగా నవ్వాడు. ఒక పడవ వచ్చి జనాన్ని దింపి, మళ్ళీ ఎక్కించుకొని పోయింది.

"సప్పుడు లేదు బిడ్డా" అన్నాడు చివరికి. "మీరు తలుపేసుకొని పోతరు. తొమ్మిదో అంతస్తుల కాకి గూడ రాదు. నలభై యాభై ఏండ్లు సాంచల సప్పుడుల పండుకున్న, గది లేకుంటె నిద్ర పడతలేదు. టీవీ పెద్దగ పెట్టుకుంటె నాకు చెవులు వినవడయని మేఘన అనుకుంటది. పెద్దది ఉన్నదనుకో, బీడీలు చుట్టుకుంట అరుస్తది. గోలీ వేసుకున్నవా అని అరుస్తది, తానం చెయ్యమని అరుస్తది. అరుస్తుంటె ఇంట్ల మనుషులున్నట్టుంటది."

"మరి ఇన్ని దినాలు చెప్పలే?"

"నువ్వు బడినుంచి రాంగనే చెప్పులు ఇడ్వకముందే బాపూ అని పిలుస్తవు. నీకు ఈడ ఎవ్వలు లేరు. ఎట్ల చెప్పాలె?"

అక్కా, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సాయంత్రం లిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు బయట బాపు చెప్పులు కనబడితే నాకు ఈ ఊరు కొంచెం మన ఊరవుతుంది. ఆయన కోసమే తీసుకొచ్చానని నీతో అన్నాను, పోట్లాడాను. కొంత ఆయన కోసమే, ఆ మాట అబద్ధం కాదు. కాని ఎంత ఆయన కోసం, ఎంత నా కోసం అని ఎవరైనా అడిగితే చెప్పలేను. దినమంతా ఒక్కడే పడి ఉంటున్నాడని నిన్ను అన్నాను. ఇక్కడికి తెచ్చి నేను చేసింది అంతకంటే ఎక్కువ. నీ ఇంట్లో ఆయన ఒంటరిగా ఏనాడూ లేడు. బస్టాండులో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీర దానికి బదులు కాదు, చీర బాపు కొన్నాడు. నేను ఇస్తున్నది ఈ ఉత్తరమే.

ముందరి గది ఎవరికీ ఇవ్వకండి. కుట్టుమిషను ఆమెకు మాట ఇచ్చేసి ఉంటే, నా తరఫున బావ ఒకసారి ఆమెకు నచ్చజెప్పాలి. దసరా సెలవులు మొదలుకాగానే నేనే బాపును వెంట తీసుకొని కరీంనగర్ బస్సెక్కి సిరిసిల్లకు వస్తాను. నాలుగు రోజులు నీ దగ్గర ఉంటాను, ఉండమంటే. నేను తిరిగి వచ్చాక ఈ ఇల్లు ఎట్లా ఉంటుందో ఇప్పుడు ఆలోచించడం లేదు. ఎదురింటామెతో మరాఠీ నేర్చుకుంటాను. నువ్వు మాత్రం ఫోన్ చేసి నా మీద కూడా అప్పుడప్పుడు అరుస్తుండు.

ఇది రాస్తుంటే బాపు పక్కనే కూర్చొని చూస్తున్నాడు. ఏం రాశానో చదివి వినిపించమన్నాడు, వినిపించాను. అంతా విని, "నా ముచ్చట గూడ ఒకటి రాయి, నేను చెప్పినట్టె రాయి" అన్నాడు. ఆయన మాటలే ఇవి:

"పెద్ద బిడ్డా, సముద్రం చూసిన. నీళ్ళు నీలిమందు లెక్క లేవు, మట్టిరంగున్నయి. చేపల వాసన. అవతలి ఒడ్డు లేదన్నది మాత్రం నర్సయ్య నిజమే రాసిండు. మానేరు లెక్క అయితె లేదు. నేను వస్తున్న. బీడీలు చుట్టి పెట్టు."

అత్తమ్మ కాళ్ళకు నా దండం, బావకు నమస్తే చెప్పు. మేఘన నీకు ముద్దులు పంపుతోంది, తాత ఫొటో కూడా పంపుతుందట. నీ చెయ్యి నా తల మీద ఉందనుకొని ముగిస్తున్నాను.

నీ చెల్లె,
సుజాత

కింద వంకరగా ఉన్నది బాపు సంతకం. నేను పెట్టమనలేదు. నర్సయ్య రాసిన జాబుల కింద కూడా అదొక్కటే తాను పెట్టేవాడట.