ఖలాస్ అన్నది నేనే

గురువారం

మూడు వారాలు సతాయించిన బగ్ ఇవాళ దొరికింది. కంప్యూటర్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో ఒక పని ఇంకా వాడుకుంటున్న మెమరీని, ఖాళీ అయిందనుకుని ఇంకో పని వేరేవాళ్లకు ఇచ్చేస్తోంది. వాడేవాళ్లంతా వదిలేదాకా ఇవ్వొద్దని కోడ్ రాశా. మెషీన్ మళ్లీ క్రాష్ కాలేదు. సీఫ్ ఏరియాలోని మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నాకేమీ అనిపించలేదు.

రూముకొస్తే, నాతోపాటు ఉండే రమేశన్న మంచం మీద ఎవరో కొత్తాయన. అన్న సామాన్ అట్టపెట్టెలో, తలుపు పక్కన. అన్న నెల రోజులుగా సల్మానియా ఆస్పత్రిలో ఉన్నాడు. పొద్దున, రూములు చూసుకునే భాయ్ ఫోన్ చేసి, "రమేశ్‌కా ఖలాస్?" అన్నాడు. ఆపరేషన్ అయిపోయిందా అని అడుగుతున్నాడనుకున్నా. నా కళ్లు స్క్రీన్ మీదే. "ఖలాస్" అన్నా. అన్న రూము వదిలేశాడని ఆయన అనుకున్నాడు.

ఇందాక అన్న ఫోన్. "తమ్మీ, శనివారం రూముకు పంపిస్తరట. నా మంచం మీద ఉతికిన దుప్పటి ఎయ్యి."

"ఏస్తనే" అన్నా.

ఉతికిన దుప్పటి తీసి, అన్న కోసం నా మంచం మీద పరిచా. శనివారం దాకా ఎందుకని ఇవాళే కింద పడుకున్నా. నేల చల్లగా ఉంది. అదొక్కటే తెలుస్తోంది.